"వద్దని గూడ అనరు మేడం": జవాబు రాని కథలు, ఒక కేస్ స్టడీ

ఈ కేసు రాయడానికి ఆయన ఒప్పుకున్నారు. రాసింది చదివి రెండు చోట్ల సరిదిద్దారు కూడా. ఎవరో గుర్తు పట్టకుండా వయసు, కుటుంబం, ఊరికి సంబంధించిన కొన్ని వివరాలు మార్చాను. పేరు ఎక్కడా రాయను.

నేను హనుమకొండలో కౌన్సెలింగ్ సైకాలజిస్టుని. పరీక్ష తప్పినవాళ్లు, సంబంధాలు కుదరనివాళ్లు, ఉద్యోగం కోసం ఏళ్ల తరబడి తిరిగి అలిసిపోయినవాళ్లు నా దగ్గరికి తరచూ వస్తారు. కథలు అచ్చు కావట్లేదని నిద్ర పోగొట్టుకున్న మనిషి రావడం మాత్రం అదే మొదటిసారి. కథలు రాసేవాళ్లతో పనిచేసే కౌన్సెలర్లకు, ఇలాంటి మనిషి ఇంట్లో ఉన్నవాళ్లకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

వచ్చినప్పుడు

ఆయనకు 34 ఏళ్లు. ఒక మండల కేంద్రంలో మీసేవ కేంద్రం నడుపుతారు. ఇంట్లో భార్య, ఆరేళ్ల కూతురు, తల్లి. తల్లి పాతికేళ్లకు పైగా బీడీలు చుట్టి పిల్లల్ని చదివించింది. ఆయన్ని నా దగ్గరికి తీసుకొచ్చింది భార్య. "రాత్రి రెండింటికి లేసి ఫోన్ చూస్తడు మేడం. ఏందంటే ఏం లేదంటడు. పిల్ల దగ్గరికొస్తే కసురుకుంటుండు" అని చెప్పింది. ఆయన తల వంచుకుని విన్నారు, అడ్డు చెప్పలేదు.

నాలుగు నెలలుగా సరైన నిద్ర లేదు. ఆకలి తగ్గింది. కేంద్రంలో దరఖాస్తులు తప్పుగా ఎక్కించి రెండుసార్లు మాటపడ్డారు. ఒక్క వాక్యమూ రాయలేదు. రాసిన నోటుపుస్తకాలన్నీ బియ్యం సంచిలో కుక్కి సజ్జ మీదికి ఎక్కించారు.

మొదటి సెషన్‌లో పీహెచ్‌క్యూ-9 స్కోరు 14 వచ్చింది. అది డిప్రెషన్‌ను కొలిచే ప్రశ్నావళి. మొత్తం 27, అందులో 10 నుంచి 14 దాకా మధ్యస్థ స్థాయి డిప్రెషన్. ఆందోళనను కొలిచే జీఏడీ-7లో 21కి 11. పీహెచ్‌క్యూ తొమ్మిదో ప్రశ్న చనిపోతే బాగుండుననే ఆలోచనల గురించి. దానికి ఆయన 'కొన్ని రోజులు' అని గుర్తు పెట్టారు. ఆ ఒక్క గుర్తు దగ్గర నేను మిగతా పనంతా ఆపేశాను. విడిగా, నెమ్మదిగా, సూటిగా అడిగాను. ఎలా చేయాలన్న ఆలోచన గానీ, చేయాలన్న ఉద్దేశం గానీ లేవు. 'నేను లేకున్నా ఏం ఆగది' అన్న భావన మాత్రం ఉంది. ఆయన అనుమతితో భార్యకు చెప్పాను. రాత్రి ఆ భావన పెరిగితే ఏం చేయాలో ముగ్గురం కూర్చుని కాగితం మీద రాసుకున్నాం. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ఇద్దరి ఫోన్లలోనూ పెట్టించాను. సైకియాట్రిస్టుకు కూడా చూపించాం. మందులు వెంటనే అవసరం లేదని, నాలుగు వారాల తర్వాత మళ్లీ చూద్దామని ఆ డాక్టరు అన్నారు. 'కథ అచ్చు కాలేదని ఇంత బాధా' అనే మాట చాలా తేలిగ్గా అనేస్తారు, అందుకే ఇదంతా ముందే చెప్తున్నాను. బాధ దేని వల్ల వచ్చినా, ఎంత లోతుగా ఉందో కొలవాల్సిందే.

రిజిస్టరు

కష్టం ఎక్కడ మొదలైందని అడిగితే ఒక పండగ కథల పోటీ గురించి చెప్పారు. ఫలితాలు వచ్చాయి. బహుమతుల్లో ఆయన పేరు లేదు. కింద చిన్న అక్షరాల్లో 'సాధారణ ప్రచురణకు స్వీకరించిన కథలు' అని ఇంకో జాబితా ఉంటుంది. పోటీలకు రాసేవాళ్లందరూ ఊపిరి బిగబట్టి చదివేది ఆ జాబితానే. ఆయన దాన్ని నాలుగుసార్లు చదివారు. అందులోనూ లేదు. అదే వారం ఒక ఫంక్షన్‌లో పదిమంది ముందు బామ్మర్ది, "ఏం బావా, ఇంకా కతలు రాస్తున్నవా, బంద్ వెట్టినవా?" అన్నాడు. సరదాకే అన్నాడు. ఆ రాత్రే పుస్తకాలు సజ్జ ఎక్కాయి.

"ఇరవై మూడు కతలు పంపిన మేడం. ఇరవై మూడుసార్లు తన్నులు తిన్న" అన్నారు.

ఏ కథ, ఏ తేదీన, ఎక్కడికి, ఏం జవాబు వచ్చిందో రాసుకురమ్మన్నాను. రెండో సెషన్‌కు పొడుగాటి రిజిస్టరు తెచ్చారు. రోజంతా ఫారాలతో పనిచేసే మనిషి, గళ్లు స్కేలుతో గీశారు. ఆరేళ్లలో 23 కథలు. మూడు అచ్చయ్యాయి. రెండు 'ప్రచురించలేకపోతున్నాం' అని తిరిగి వచ్చాయి. మిగిలిన పద్దెనిమిదింటికి ఏ జవాబూ లేదు.

ఇక్కడ నేను తొందరపడ్డాను. "చూడండి, మీకు వచ్చిన తిరస్కరణలు రెండే" అన్నాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఇలా అన్నారు:

"అవి నయం మేడం. వద్దంటే అయిపాయె. వీళ్లు వద్దని గూడ అనరు."

కేసు మొత్తం ఆ మాట మీదే మలుపు తిరిగింది. తిరస్కరణను తట్టుకోవడం ఎలా అనే దారిలో నేను వెళ్తున్నాను. ఆయన్ని తినేస్తున్నది జవాబు రాకపోవడం. ఈ రెండిటికీ వేర్వేరు మందు కావాలి.

పాతరోజుల్లో కథతోపాటు స్టాంపులు అంటించిన కవరు పెడితే, నచ్చని కథ తిరుగుటపాలో ఇంటికొచ్చేది. పోస్ట్‌మ్యాన్ చేతిలో తన దస్తూరీనే చూసుకోవడం బాధే, కానీ ఆ రోజుతో ఎదురుచూపు ముగిసేది. ఈమెయిల్ వచ్చాక ఆ కవరు పోయింది. 'ప్రచురణకు స్వీకరించినవారికి మాత్రమే తెలియజేస్తాం' అన్న లైను మిగిలింది. పత్రికల వైపు కష్టాన్నీ నేను కాదనను. 1924లో మొదలైన సాహిత్య పత్రిక భారతి 1991లో ఆగింది. 1978 నుంచి కథకు, నవలకు చోటిచ్చిన విపుల, చతుర 2021లో ఆగాయి. మిగిలినచోట పేజీలు తగ్గాయి, చూసే మనుషులు తగ్గారు, వచ్చే కథలు తగ్గలేదు.

కానీ ఇది తెలిసినంత మాత్రాన బాధ పోదు. కిప్లింగ్ విలియమ్స్ అనే సైకాలజిస్టు కంప్యూటర్ మీద బంతి ఆటతో చేసిన ప్రయోగాలు ఇక్కడ గుర్తొస్తాయి. ముగ్గురు ఆడుతుంటారు. కాసేపటికి మిగతా ఇద్దరూ ఒకరికొకరే బంతి వేసుకుంటూ మూడో మనిషిని వదిలేస్తారు. ఆ కొద్ది నిమిషాలకే ఆ మనిషి మనసు చిన్నబోతుంది. 2004లో వచ్చిన అధ్యయనంలో, అవతల ఆడుతున్నది కంప్యూటరేనని ముందే చెప్పినా బాధ కలిగింది. ఎవరూ కావాలని చేయలేదని తెలిసినా మనసు కుంగుతుంది. అందుకే 'వాళ్లకు టైముండదు, వదిలెయ్' అని భార్య ఎన్నిసార్లు చెప్పినా ఆయనకు ఎక్కలేదు.

ఫోన్ సంగతీ అంతే. ఒక వారం లెక్కపెట్టమంటే ఈమెయిల్ చూసుకోవడం సగటున రోజుకు 38 సార్లు తేలింది. ఇరవై మూడింటిలో మూడు అచ్చయ్యాయి, ఏది ఎప్పుడు అవుతుందో తెలియదు. పావురం మీట నొక్కితే ఎప్పుడు గింజ పడుతుందో తెలియకుండా చేసినప్పుడే అది ఎక్కువగా, వదలకుండా నొక్కుతుందని స్కిన్నర్ అనే సైకాలజిస్టు ప్రయోగాలు చూపించాయి. అర్ధరాత్రి ఫోన్ చూడటం ఆయన బలహీనత వల్ల కాదని ఈ ఉదాహరణతో చెప్పినప్పుడు, భార్య ముఖంలో కోపం కాస్త తగ్గడం నేను చూశాను.

నా పొరపాటు

మూడో సెషన్‌కు ఆయన ఒక కథ తెచ్చి నా బల్ల మీద పెట్టారు. తల్లి బీడీల పని గురించిన కథ. ఆ రాత్రే చదివి, మర్నాడు ఫోన్ చేసి, "చాలా బాగుంది" అన్నాను. నిజంగానే నచ్చింది. నా ఉద్దేశం మంచిదే.

నాలుగో సెషన్‌కు ఆయన ఇంకా కుంగిపోయి వచ్చారు. "మీకు నచ్చింది. మరి వాళ్లకెందుకు నచ్చలే? మీరు నన్ను ఊరడిస్తందుకు అన్నరా?" అని అడిగారు. తీర్పు చెప్పేవాళ్ల వరసలో నేనూ వెళ్లి కూర్చున్నానన్నమాట. నా సీనియర్‌తో ఈ విషయం చర్చించాక, ఆయనకు నేరుగా చెప్పాను: నా మెచ్చుకోలు ఇక్కడ మీకు సాయం చేయదు, ఇకమీదట మీ కథ బాగుందా లేదా అని నేను అనను. మొదట నొచ్చుకున్నారు. రెండు వారాల తర్వాత అదే తనకు ఊపిరి ఆడేలా చేసిందని చెప్పారు.

ప్రపంచ ప్రసిద్ధ రచయితలు ఎన్నిసార్లు తిరస్కారానికి గురయ్యారో చెప్పి ధైర్యం నింపే పద్ధతి కూడా నేను వాడలేదు. అవన్నీ చివరికి గెలిచినవాళ్ల కథలు. గెలిస్తేనే ఆ బాధకు విలువ అని వాటి లోపల ఉంటుంది. గెలుస్తాడో లేదో తెలియని మనిషికి రేపు పొద్దున లేచి ఎలా రాయాలో చెప్పవు.

గడువు

అయిదో సెషన్‌లో అసలు ఉపాయం ఆయన నోటి నుంచే వచ్చింది. మీసేవలో ఏం చేస్తారో వివరంగా చెప్పమన్నాను. ఆదాయ సర్టిఫికెట్టో కుల సర్టిఫికెట్టో, ఎవరు వచ్చినా దరఖాస్తు తీసుకుని నంబరుతో రసీదు ఇస్తారు. ఇన్ని రోజుల్లో వస్తుందని గడువు చెప్తారు. గడువు దాటితే ఎవరిని అడగాలో చెప్తారు. చెప్తూ చెప్తూ ఆగిపోయి, "నా కతలకే రసీదు లేదు మేడం" అన్నారు.

ఆ రిజిస్టరులోనే ఇంకో గడి గీశాం. పేరు 'గడువు తేదీ'. కథ పంపిన రోజే ఆ తేదీ వేయాలి. పత్రిక ఏదైనా వ్యవధి చెప్పి ఉంటే అది, లేకపోతే 90 రోజులు. ఆ రోజు దాకా ఆ కథ గురించి చేయాల్సిన పనేమీ లేదు. ఆ రోజు వస్తే రెండు లైన్ల మెయిల్: ఫలానా తేదీన పంపిన కథను ఉపసంహరించుకుంటున్నాను, పరిశీలించినందుకు ధన్యవాదాలు. తర్వాత ఆ కథ మళ్లీ ఆయన చేతికి వచ్చినట్టే.

చూడటానికి చిన్న పని. కానీ ఆయన దీనికి వణికిపోయారు. ప్రతి కథతోపాటు హామీపత్రం పంపుతారు కదా: ఇది నా సొంత రచన, ఎక్కడా ప్రచురితం కాలేదు, వేరే పత్రిక పరిశీలనలో లేదు అని. ఆ మాట తనను జీవితాంతం కట్టేసిందని ఆయన నమ్మకం. నాలుగేళ్ల క్రితం పంపిన కథను కూడా వేరేచోటికి పంపకుండా అట్టే పెట్టుకున్నారు. వెనక్కి తీసుకుంటే ఎడిటరుకు కోపం వస్తుందని, పేరు గుర్తుపెట్టుకుంటారని భయం.

అందుకని మెట్లుమెట్లుగా వెళ్లాం. మొదటి వారం మెయిల్ రాసి పంపకుండా ఉంచారు. రెండో వారం అన్నిటికన్నా పాత కథకు ఒక్కటి పంపారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఏమీ జరగలేదు. నెల తిరిగేసరికి పద్దెనిమిదింటిలో పదమూడింటికి పంపారు. మిగిలిన అయిదూ పంపిన పత్రికలే మూతపడ్డాయని వెతికితే తెలిసింది. "లేనోళ్ల జవాబు కోసం కూసున్న" అన్నారు, గొంతు బొంగురుపోయింది. పదమూడింటిలో ఒకచోట నుంచి ఒక ఉప సంపాదకుడు జవాబు రాశారు, ఆలస్యానికి మన్నించమని. ఆ మెయిల్ ఫోన్‌లో నాకు చూపించారు.

మెయిల్ చూసుకోవడానికి రోజుకు రెండు వేళలు పెట్టుకున్నాం, మధ్యాహ్నం ఒంటిగంటకు, రాత్రి ఎనిమిదింటికి. నోటిఫికేషన్లు తీసేశారు. పడుకునేటప్పుడు ఫోన్ ముందు గదిలో. మూడు వారాల్లో 38 కాస్తా ఆరుకు, తర్వాత మూడుకు దిగింది. అన్నిటికన్నా ముందు బాగుపడింది నిద్రే.

నూరు శాతం నుంచి

'నా కథ బాగలేదు కాబట్టే వేయలేదు' అన్నది ఎంతవరకు నమ్ముతున్నారని అడిగితే నూటికి నూరు అన్నారు. కాగితం మీద జొన్నరొట్టెంత గుండ్రం గీసి, కథ అచ్చు కాకపోవడానికి ఉండగల కారణాలకు తలా ఒక ముక్క ఇమ్మన్నాను. పదాల పరిమితి దాటడం, పండగ కథ పండగయ్యాక చేరడం, అలాంటి కథే అంతకుముందు వారం రావడం, పేజీలు తగ్గడం, ఫాంటు తెరుచుకోకపోవడం, అసలు ఎవరూ చదవకపోవడం. చివరికి 'కథ బాగలేదు' ముక్క 35 దగ్గర ఆగింది.

దాన్ని సున్నా చేయడానికి నేను ప్రయత్నించలేదు. అది అబద్ధమవుతుంది. నాలుగు కథలు పోటీ చివరి తేదీ ముందు రోజు రాత్రి హడావిడిగా ముగించి పంపానని ఆయనే ఒప్పుకున్నారు. ఆ ముక్క ఉండటం వల్లే ఆయన చేయగల పని కూడా మిగిలింది.

ఒక ముక్క మాత్రం పేరు పెట్టకుండా వదిలేశారు. అడగ్గా అడగ్గా చెప్పారు. బీడీల కథ పంపినప్పుడు పత్రిక నుంచి ఒకరు ఫోన్ చేసి, భాష అందరికీ అర్థమయ్యేలా మార్చి పంపండి అన్నారట. మర్యాదగానే అన్నారు. ఆయనకు మాత్రం ఆరో తరగతి గుర్తొచ్చింది. క్లాసులో లేచి 'గట్ల' అన్నందుకు సారు సరిదిద్దడం, క్లాసంతా నవ్వడం. కాళోజీ పుట్టినరోజు సెప్టెంబర్ 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నామని, ఆ రోజు మండలంలో ఉపన్యాసం ఇచ్చింది కూడా తనేనని చెప్పారు. బుద్ధికి తెలిసింది మనసుకు చేరలేదు. కథను కాదన్నట్టు ఆయనకు వినపడలేదు, అమ్మ మాటను కాదన్నట్టు వినపడింది.

భాష మార్చాలా వద్దా అనేది కౌన్సెలర్ చెప్పే విషయం కాదు. ఆ కథలో ఏ మాటలు తీసేస్తే కథ చచ్చిపోతుందో, ఏవి అటుఇటు అయినా ఫరవాలేదో రెండు జాబితాలు రాయమని మాత్రం అడిగాను. అప్పుడే ఇంకో ప్రశ్న తోచింది. "ఈ కథ మీ అమ్మకు చదివి వినిపించారా?"

వినిపించలేదు. ఆమెకు చదువు రాదు. అచ్చయ్యాక వినిపిద్దామని ఆగారట.

అదే ఆ వారం ఇంటి దగ్గర చేయమని నేనిచ్చిన పని. ఏడో సెషన్‌కు వచ్చి జరిగింది చెప్పారు. కథలో ఒకచోట, కార్ఖానాలో కట్ట విప్పి చూసిన చెక్కర్ బాగాలేవని బీడీలు తీసి పక్కన పడేస్తే తల్లి పాత్ర అక్కడే కళ్లనీళ్లు పెట్టుకుంటుంది. వింటున్న తల్లి అక్కడ ఆపింది.

"నేను ఆడ ఏడ్వలే బిడ్డా. వాని ముందట ఎందుకేడుస్త? ఇంటికొచ్చి, మీకు బువ్వ వెట్టినంక ఏడ్సిన."

తర్వాత ఏం చేశావని కొడుకు అడిగాడు. "ఏం జేస్త, ఆకు నానవెట్టిన" అందట. రేపటి పనికి తునికాకు రాత్రే తడిపి ఉంచాలి.

ఇది చెప్తున్నప్పుడు ఆయన ఏడ్చారు. నేను మాట్లాడలేదు. ఆ రాత్రే సజ్జ మీది సంచి దించి ఆ సన్నివేశం తిరగరాశానని చెప్పారు. ఒక తప్పు ఎత్తి చూపినా తను కుంగిపోలేదని, పైగా రాయబుద్ధయిందని ఆయనే గమనించారు. రాతను చూసి కాదన్నవాళ్లందరూ మనిషిని కాదన్నట్టేనా అన్న చర్చకు నేను మూడు సెషన్లు అనుకున్నాను. ఆ అవసరం రాలేదు.

బామ్మర్ది ప్రశ్నకు జవాబును కూడా సాధన చేశాం. ఎదురుదాడి వద్దు, తప్పించుకోవడం వద్దు. "రాస్తున్న. పోయిన నెల రెండు పంపిన." అంతే. తర్వాతి పెళ్లిలో నిజంగానే అవసరం పడింది. బామ్మర్ది "మంచిగ" అని ఊరుకున్నాడట.

ఎక్కడిదాకా వచ్చింది

అయిదు నెలల్లో పది సెషన్లు. ముగిసేసరికి పీహెచ్‌క్యూ-9 స్కోరు 14 నుంచి 5కు, జీఏడీ-7 స్కోరు 11 నుంచి 4కు దిగాయి. తొమ్మిదో ప్రశ్నకు ఆరో సెషన్ నుంచి సున్నానే. మందులు వాడాల్సి రాలేదు. దారి మాత్రం తిన్నగా సాగలేదు. ఎనిమిదో సెషన్‌కు ముందు మరో పోటీ ఫలితాలు వచ్చి, ఏ జాబితాలోనూ పేరు లేక, రెండు రాత్రులు పాత స్థితికే వెళ్లారు. మూడో రోజు పొద్దున రిజిస్టరు తీసి ఆ గడిలో తేదీ వేసి, కథను చేతికి తీసుకున్నారు. మొదటిసారి ఇలాంటి దెబ్బకు నాలుగు నెలలు పట్టింది.

ఇది ఒక్క మనిషి కథ. కాలం గడిచి తగ్గిందా, భార్య అర్థం చేసుకోవడం వల్లా, నిద్ర వల్లా అన్నది నేను విడదీసి చెప్పలేను. జవాబు రాకపోవడం కన్నా కరుకైన జవాబులే ఎక్కువగా తగిలినవాళ్లకు ఈ గడువు పద్ధతి ఇంతగా పనికిరాకపోవచ్చు. వాళ్లతో వేరే చోట మొదలుపెట్టాలి.

ఆరు నెలల తర్వాత ఫాలోఅప్‌కు వచ్చారు. ఈ మధ్యలో ఆరు కథలు పంపారు. ఒకటి అచ్చయింది, ఒకటి తిరిగొచ్చింది, రెండింటిని గడువు దాటాక వెనక్కి తీసుకున్నారు, రెండు బయట ఉన్నాయి. అచ్చయిన తెలుగు కథలన్నీ సేకరించే శ్రీకాకుళం కథానిలయంలో తన నాలుగు కథలూ చేరాలని, ఒకసారి వెళ్లి చూడాలని అన్నారు. వాటిలో మూడింటిని మొదటి రోజు ఆయన లెక్కలోనే వేసుకోలేదు.

రిజిస్టరు బల్ల మీద తెరిచే ఉంది. బీడీల కథ కొత్త ముగింపుతో, భాష అలాగే ఉంచి, ఇంకో చోటికి వెళ్లింది. గడువుకు ఇంకా 19 రోజులుంది. ఆ కథ సంగతి ఆయన ఎత్తలేదు, నేనూ అడగలేదు. కూతురికి రెండు రోజులుగా జ్వరమని, మందులు తీసుకుని తొందరగా వెళ్లాలని లేచారు.